గట్టి నేల తగిలేదాకా

ఇన్నేళ్లూ ఈ బరువు మోసుకుంటూ తిరిగాను. మా ఆవిడకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు రాస్తున్నాను.

అరవైల మొదట్లో నూజివీడు నుంచి చాట్రాయి వెళ్లే రోడ్డు మీద రెండు కల్వర్టులు మంజూరయ్యాయి. తొలకరి పడితే మామిడికాయల బళ్లు వాగుల్లో దిగబడేవి. ఒకటి నాకు, రెండోది వీరయ్యకు వచ్చింది. వీరయ్య నా దగ్గర తాపీ పట్టడం నేర్చుకున్నవాడు.

నా అగ్రిమెంటులో పునాది లోతు నాలుగు అడుగులని రాశారు. అతని వాగులో నేల సంగతి తెలీక, గట్టి నేల తగిలేదాకా అని రాశారు. ఎక్కడ ఆపాలో అతనిష్టం. నన్నెందుకు అలా నమ్మలేదు? పని నేర్పింది నేను కదా? కడుపు మండిపోయింది.

నేను నాలుగు అడుగులు తవ్వి ఆపేశాను. అడుగున మన్ను మెత్తగానే ఉంది. ఉంటే నాకేం, రాసింది నాలుగే. వీరయ్య మాత్రం ఏడు దాటినా, గడ్డపార ఇంకా మెత్తగానే దిగుతోందని తవ్విస్తూనే ఉన్నాడు. రోజూ సైకిలు మీద వెళ్లి చూసొచ్చేవాణ్ణి. అతను పని చెడగొడితే బాగుండునని ఎంత కోరుకున్నానో. చెడగొట్టలేదు. అదే ఓర్చుకోలేకపోయాను.

ఒకరోజు పని తనిఖీకి వచ్చిన ఓవర్సీరుగారు అడిగారు. "ఏంటి మేస్త్రీ, మీ శిష్యుడు ఇంకా తవ్వుతూనే ఉన్నాడు?"

"గట్టి నేల ఎప్పుడో తగిలిందండీ, నేను చూశాను. లోతు తన చేతిలో పెట్టారు కదా, ఎక్కువ బిల్లు వస్తుందని సాగదీస్తున్నాడు."

అబద్ధం. ఆ వారంలోనే అతన్ని తప్పించి ఆ పని నాకిచ్చారు. ఆ మీదట వీరయ్యని ఎవరూ పనికి పిలవలేదు. తోటల్లో కాయలు కోసే కూలికి వెళ్లాడు.

అతని గోతిలోకి దిగి చూస్తే మన్ను ఇంకా మెత్తగానే ఉంది, భయం వేసింది. ఓవర్సీరుగారు రాని రోజు చూసి మరో అడుగు తవ్వించాను. అప్పుడు తగిలింది.

కట్టడం పూర్తయ్యాక వీరయ్య చూడ్డానికి వచ్చాడు. "గట్టి నేల దాకా వెళ్లారంటగా గురువుగారూ. మీ చేతిలో పడింది, అదే చాలండి," అన్నాడు. వెటకారం లేదు. తల ఊపాను. అప్పుడైనా నిజం చెప్పొచ్చుగా నేను? అతనికి అంత మంచితనం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని, అప్పుడు కూడా కుళ్లుకున్నాను.

నాలుగు అడుగుల నా కల్వర్టు రెండో వానాకాలానికే కుంగింది. రెండోది నిలబడింది. దాన్ని జనం నా పేరుతో పిలుస్తారు. వీరయ్య లేడిప్పుడు. ఉన్నా, క్షమించమని ఏ మొహం పెట్టుకుని అడిగేవాణ్ణి?

ఆ కల్వర్టు వీరయ్యది. అబద్ధం చెప్పింది నేను. రాసేశాను, ఊపిరి కాస్త ఆడుతోంది.