చిన్నాయన కండ

మా చిన్నాయన ఎవరు కనబడినా ముందు వాళ్ల జబ్బను బొటనవేలితో నొక్కి చూసేవాడు. గట్టిగా తగిలితే "ఉండాదిలే" అని వదిలేసేవాడు. ఊళ్లో కుస్తీలు, కసరత్తులు నేర్పే తాలీంఖానా నడిపేది ఆయనే. పీర్ల పండక్కి గుండురాయిని భుజానికెత్తేది కూడా ఆయనొక్కడే.

పందొమ్మిది వందల యాభైల్లో వచ్చిన కరువులో చిన్నాయన పగలంతా రోడ్డు పనిలో కంకర కొట్టి, అక్కడ పోసిన గంజి తాగి బతికాడు. అయినా తెల్లారగానే తాలీంలో బస్కీలు తీయడం మానలేదు.

"గంజినీళ్లు తాగి బస్కీలేంది? పండుకోరాదా," అనేది చిన్నమ్మ.

"ఆపితే కండ కరిగిపోతాది. నీకు తెల్దులే."

ఎంత సాధకం చేస్తే అంత కండ అని గురువు నేర్పిన మాట అది. ఆ గురువు రోజుల్లో సాధకం అయ్యాక పాలూ బాదంపప్పూ ఉండేవి. తిండి కూడా కావాలన్న సంగతి గురువు చెప్పలేదు. నాకు ఆ గురువు మీద ఇప్పటికీ కోపమే.

ఆ ఏడు పీర్ల పండక్కి గుండురాయి చిన్నాయన మోకాలు దాటలేదు. జనం పక్కకు జరిగి దారిచ్చారు. ఆయన ఇంటికొచ్చి, గడప మీద కూర్చుని, తన జబ్బనే బొటనవేలితో నొక్కి చూసుకున్నాడు.

"ఉండాదా?" అని మెల్లగా అడిగింది చిన్నమ్మ.

"యాడుండాది మే? కూడు లేక నేనే తినేసినా."