గుంటకు రెండు మొక్కలు

మా అత్తగారి నోటికి జడిసి వీధికుక్కలు సైతం పక్కకు తప్పుకుంటాయి. చెట్లు మాత్రం ఎక్కడికి పోతాయి పాపం! అందుకే ఏరికోరి ఆ ఉద్యోగంలో చేరిందని నా అనుమానం. సొంతంగా ఎకరమో అరెకరమో అడవి ఉన్నవాళ్ల దగ్గరికి వెళ్లి, మిగతావి బాగా ఎదగాలంటే ఏ చెట్టు ఉంచాలో ఏది కొట్టించాలో చెప్పడం ఆవిడ పని. స్కూటర్ డిక్కీలో ఎప్పుడూ ఎర్రరంగు డబ్బా, కుంచె ఉంటాయి. అందులోనే కూరగాయలూ తెస్తుంది.

కొట్టించాల్సిన చెట్టుకు ఎర్రచుక్క పెట్టాలి. ఆ చుక్క ఆవిడ చచ్చినా పెట్టదు, యజమాని చేతే పెట్టిస్తుంది. తాను పెడితే, చెట్టు పడ్డాక ఏడుపుముఖాలతో ఆఫీసుకు వచ్చి తన మీద పడతారని భయం.

మా వీధి చివరి టైలరుకు వాళ్లమ్మ ఇచ్చిపోయిన చిన్న అడవి ఉంది. తానులకు తానులు కసకసా కత్తిరించే మనిషి, కుంచె చేతికివ్వగానే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"అమ్మ పెంచిన చెట్లండీ మేడమ్."

"నిన్నూ మీ అమ్మే పెంచింది. జుట్టు కత్తిరించుకోవట్లా? పెట్టు చుక్క!"

పెట్టాడు. ఇప్పుడు ఆ అడవిలో మిగిలిన చెట్లు దిట్టంగా ఎదిగాయి. టైలరు వచ్చినవాళ్లందరికీ బట్టల కొలతలకంటే ముందు చెట్ల కొలతలు చెబుతున్నాడు.

ఇంతమందిని ఇన్ని మాటలన్న మహాతల్లికి, ఇంటి వెనకే సొంత తోట ఉంది. అది పండగనాటి బస్సులా కిక్కిరిసి ఉంటుంది. నాటింది మా మామగారు. ఆయన పోస్టాఫీసులో పనిచేసేవారు, చెట్ల సంగతి సున్నా. ఆవిడ ఊళ్లో లేని రోజు చూసి గుంటకు రెండేసి టేకు మొక్కలు పెట్టేశారు. తిరిగొచ్చి ఆవిడ నెత్తీనోరూ కొట్టుకుంటే, "ఒక్కటే అయితే బిక్కుబిక్కుమంటూ ఉంటుందే, తోడు పెట్టాను" అన్నారట. గుంటకొకటి పీకేద్దామనుకుంటూనే ఆవిడ ఊరుకుంది. తర్వాత ఆయనే పోయారు.

ఆ జంటలన్నీ వెలుగు కోసం కొట్టుకుని పుల్లల్లా సాగాయి. పోయినేడు గాలివానకు ఒక వరస మొత్తం వంటింటి పక్కనే కూలింది. ఈసారి గాలికి మిగతా తోటంతా పోతుందని ఆవిడకు తెలుసు. మామగారి గుర్తుగా మిగిలింది ఆ తోటే. నేను నోరు తెరిస్తే చాలు, "ఇల్లరికం వచ్చినవాడివి, తిని పడుకో" అనేది. ఒళ్లు మండి వెళ్లి టైలరుతో చెప్పేశాను.

మర్నాడు పొద్దున్నే మెడలో టేపుతో, చేతిలో ఎర్రరంగు డబ్బాతో, కుంచెతో దిగాడు మహానుభావుడు. తోటంతా తిరిగొచ్చి, బూట్లు తుడుచుకుంటున్న ఆవిడ ముందు డబ్బా పెట్టాడు.

"పెట్టండి మేడమ్, చుక్క."

"నీకెందుకయ్యా? పోయి గుండీలు కుట్టుకో."

"మీ జుట్టు కత్తిరించుకోవట్లేదా అని నేను అడగనండీ. మర్యాద తెలిసినవాణ్ణి."

నాకు నవ్వాగలేదు. ఆవిడ నావైపు చూసిన చూపుకు మధ్యలోనే మింగేశాను. ఆవిడ టైలరు చేతిలోంచి కుంచె లాక్కుని మొదటి జంట దగ్గరికి విసవిసా నడిచింది. ఊళ్లోవాళ్ల చెట్లయితే నడుస్తూనే తేల్చేసే మనిషి, అక్కడ ఇటూ అటూ తిరుగుతూనే ఉంది. ఒకదాన్ని తట్టింది, రెండోదాన్ని తట్టింది. రంగు కారి చీర కుచ్చెళ్ల మీద పడింది.

"రెండూ బాగానే ఉన్నాయి కదయ్యా" అంది టైలరుతో. ఆవిడ గొంతు అంత చిన్నగా వినడం నాకదే మొదలు.

"ఇప్పుడు ఒకటి తీస్తే ఒకటన్నా ఉంటుందండీ. లేదంటే రెండూ పోతాయి. మీరు చెప్పిందే."

"నేను చెప్పిందేలే, నాకు పాఠాలొద్దు."

కాస్త వంగి ఉన్నదానికి చుక్క పెట్టింది. పెట్టాక కుంచె నాకిచ్చి, రెండోదాని మీద అరచెయ్యి ఆనించి నిలబడింది. కళ్లు తుడుచుకుంటుంటే ముక్కుకు ఎర్రరంగు అంటింది. మేమిద్దరం చూడనట్టు నటించాం.

టైలరే ఉండబట్టలేక అడిగాడు. "ఇంత కాలం ఆనుకుని పెరిగింది కదండీ, ఒంటరిగా నిలబడుతుందంటారా?"

"మొదట్లో గాలికి ఊగిపోతుంది" అంది మా అత్తగారు. "చావదులే. అలవాటవుతుంది."

నా చేతిలోంచి కుంచె తీసుకుని రెండో జంట దగ్గరికి వెళ్లింది.