ఎవాల్డ్ పానకం మరిగించిన పెళ్లి

ఎవాల్డ్‌కి అరవై ఒకటి నిండాయి. హియుమా ద్వీపంలో, వాళ్ల ఊరి చుట్టుపక్కల ముప్పైతొమ్మిదేళ్లుగా జరిగిన పెళ్లిళ్లన్నిటికీ బీరు చేసింది అతనే. కానీ ఒక్క పెళ్లిలోనూ అతను డాన్సు చేయలేదు. చేయడానికి వీలుపడలేదు.

వాళ్ల బీరు పొయ్యి ఎక్కదు. మొలకెత్తించి ఆరబెట్టిన గోధుమలు, వాటికి తోడు కాస్త బార్లీ, బరకగా విసిరి వేడినీళ్లలో నానేస్తారు. తొట్టి అడుగున జునిపెర్ అనే ముళ్లపొద కొమ్మలు పరిచి, వాటి మీదుగా ఆ తియ్యటి పానకాన్ని వడగడతారు. చేదు కోసం వేసే హాప్ పూలు మాత్రం వేరే చిన్న గిన్నెలో కాగుతాయి. పానకం గోరువెచ్చనయ్యాక, కిందటిసారి పీపా అడుగు నుంచి దాచి, సీసాలో పోసి బావిలో వేలాడదీసిన మడ్డిని తోడు వేస్తారు. "మరిగిస్తే గింజ చచ్చిపోతుందిరా" అనేవాడు ఎవాల్డ్ తండ్రి.

అలా చేసిన బీరు మజ్జిగలా మబ్బుగా ఉండి, అప్పుడే పొయ్యిలోంచి తీసిన రొట్టె వాసన వేస్తుంది. రెండు వారాలకు మించి నిలవదు. పీపా తెరిస్తే ఆ రోజే అవగొట్టాలి, లేదంటే మర్నాటికి పులిసిపోతుంది. కుళాయి తొందరపడి తిప్పితే అడుగు మడ్డి పైకి లేస్తుంది. అందుకని చేసినవాడే పీపా పక్కన ముక్కాలిపీట వేసుకుని, ఆఖరి ముంత దాకా కుళాయి మీద చెయ్యి తీయకూడదు. అది తండ్రి పెట్టిన కట్టడి. తండ్రి పోయాక పీటా, కుళాయీ, కట్టడీ మూడూ ఎవాల్డ్‌కి వచ్చాయి.

ఇరవై రెండేళ్ల వయసులో ఆ పీట మీద కూర్చునే అతను సల్మెను చూశాడు. నీలం గౌను వేసుకుని గోడవారన నిలబడి, అతని వంక చూస్తోంది. డాన్సుకి అకార్డియన్ మోగింది. పీపాలో ఇంకా సగం ఉంది. అవతలి ఒడ్డునుంచి వచ్చిన నావికుడొకడు చెయ్యి చాపితే, సల్మె అతనితో వెళ్లి ఆడింది. ఏడాది తిరక్కుండా అతన్నే పెళ్లాడి ద్వీపం విడిచింది.

ఇప్పుడు ఆ నావికుడు లేడు. సల్మె అన్న కాల్యో కూతురి పెళ్లి ఇంకో నాలుగు వారాల్లో, శనివారం. సల్మె ఆ గురువారం వచ్చి సోమవారం ఓడకి వెళ్లిపోతుందట. బీరు ఎప్పటిలాగే ఎవాల్డ్ చేయాలి.

కబురు విన్న రాత్రి నుంచి ఎవాల్డ్‌కి ఒకటే ఆలోచన, ఒక్క పాట. ఒక్క పాట ఆమెతో ఆడాలి. కానీ కాల్యో చుట్టాలు నూటపాతిక మంది, మధ్యాహ్నం మొదలుపెడితే పొద్దు గుంకేదాకా కుళాయి కట్టేయడానికి ఉండదు. కాళ్లు రెండూ ఆ పీటకే కట్టేసినట్టు ఉన్నాయి. చివరికి అతనికో దారి తోచింది. కొట్లో అమ్మే బీరుకి కుళాయీ లేదు, కాపలా లేదు. మరిగిస్తారు, సీసాల్లో నింపుతారు, ఎవరిది వాళ్లు తీసుకుంటారు.

పెళ్లికి మూడు వారాల ముందు మంగళవారం నాడు పెద్ద కాగు పొయ్యి మీదికెక్కించాడు. పక్కింటి లైదా పెద్దమ్మ కిటికీలోంచి కేకేసింది. ఎనభై నాలుగేళ్ల మనిషి, పదేళ్లుగా ఒక కాలు స్వాధీనంలో లేదు, నోరు మాత్రం పూర్తి స్వాధీనం.

"ఏం పొగరా అది? ఇల్లు కాలుస్తున్నావా?"

"పీపాలు కడగడానికి నీళ్లు, పెద్దమ్మా."

"అన్ని నీళ్లా? ఏనుగుని కడుగుతావా?"

పానకం పొంగి పొయ్యిలో పడింది. తర్వాత దాన్లోంచి తెల్లటి తుంపులు తేలాయి, అచ్చం పాలు విరిగినట్టు. ఎవాల్డ్ గరిటెతో వాటిని తీసి పారేస్తూంటే తండ్రి మాట గుర్తొచ్చింది. అయినా ఆపలేదు. చల్లార్చి తోడు వేశాడు. పులిశాక సీసాల్లో నింపి మూతలు బిగించాడు.

పెళ్లి శనివారం ఎవాల్డ్ హాల్లో ఇస్త్రీ చొక్కాలో, పీట లేకుండా, గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. సల్మె ఎదురు బల్ల దగ్గరుంది. జుట్టు నెరిసింది, కళ్లు మాత్రం అవే.

పెళ్లికూతురి తండ్రి కాల్యో మొదటి సీసా తెరిచి చెక్క ముంతలోకి వంచాడు. తాగాడు. పక్కవాడికిచ్చాడు. వాడు తాగి అవతలివాడికిచ్చాడు. ముంత ఎంత దూరం వెళ్తే అంత దూరం మాటలు ఆగిపోతూ వచ్చాయి.

"ఏరా ఎవాల్డ్, ఇది నువ్వు చేసిందేనా?" అన్నాడు కాల్యో.

"నేనే."

"బీరులోంచి ముంత అడుగు కనిపిస్తోందిరా! మా అమ్మాయి పెళ్లికి ఇదా? నా మీద ఏమన్నా కోపముంటే మొహం మీద చెప్పు, ఇలా బీరు మీద చూపించకు."

"జ్వరమొచ్చి తగ్గిన బీరులా ఉంది పాపం" అన్నారెవరో. కొందరు నవ్వారు.

"మరిగించాడు. ఆ పొగ చూసినప్పుడే అనుకున్నా" అంది కుర్చీలోంచి లైదా. "ఎందుకురా?"

పారిపోదామంటే తలుపు దగ్గరంతా జనమే. సల్మె కూడా చూస్తోంది.

"సీసాల్లో పోస్తే కుళాయి దగ్గర కూర్చోనక్కర్లేదని."

"కూర్చోకుండా ఏం చేస్తావు?"

"ఒక్క పాట... డాన్సు చేద్దామని."



"ఒరే వెర్రిమాలోకం!" అంది లైదా. "పదేళ్లుగా ఈ కుర్చీకి అతుక్కునే ఉన్నాను కదరా. ఇదే కుర్చీ పీపా పక్కన వేస్తే కుళాయి నేను తిప్పనూ? అడగడానికి నోరు లేదూ?"

"చేసినవాడే పట్టుకోవాలి కదా పెద్దమ్మా. నాన్న ఎప్పుడూ..."

"మీ నాన్నకి డాన్సు రాదురా! ఎవరైనా పిలుస్తారేమోనని హడలిపోయి ఆ పీట ఎక్కి కూర్చునేవాడు. మా అందరికీ తెలుసు."

ఈసారి హాలు హాలంతా విరగబడి నవ్వింది. కాల్యో కూడా కోపం మరిచి నవ్వాడు. ఎవాల్డ్ నవ్వలేదు. ముప్పైతొమ్మిదేళ్లు తను కాపలా కాసిన తలుపుకి గడియే లేదని ఇప్పుడు చెబుతున్నారు.

సల్మె లేచి వచ్చింది. "పద" అంది.

"నాకు రాదు."

"రాకపోతే ఏం? ఇందుకే కదా మరిగించావు. పద."

ఆమె నడిపించింది, అతను ఆమె కాళ్లు తొక్కాడు. రెండో చుట్టులో ఆమె మెల్లగా అంది. "నేను నీలం గౌను వేసుకున్న ఆ రోజు పీపా తొందరగా ఖాళీ అవుతుందేమోనని నా వంతుకి నేను నాలుగు ముంతలు తాగాను. నీకు తెలీదు."

ఎవాల్డ్ అడుగు తప్పాడు. పాట అయిపోయింది.

చెయ్యి వదలకముందే కాల్యో వచ్చి భుజం తట్టాడు. "వచ్చే నెల మా తమ్ముడి మనవడికి పేరు పెడుతున్నారు. ఈసారి మరిగించకు, నీకు పుణ్యముంటుంది." ఆలోచించేలోపే ఎవాల్డ్ తల ఊపేశాడు. తల అలవాటు తలది. సల్మె అది చూసింది.

"పీపా తెరిచే రోజేదో నాకు కబురు చెయ్యి" అంది.

"ఆ రోజే రావాలి మరి. మర్నాటికి పులిసిపోతుంది."

"తెలుసు, ఎవాల్డ్. నేనూ ఇక్కడే పుట్టాను."

సోమవారం ఓడ కూత వేసేసరికి ఎవాల్డ్ మోచేతుల దాకా తొట్టిలో చేతులు పెట్టి మొలకలకి గోధుమలు నానేస్తున్నాడు. కూత ఆగేదాకా అలాగే ఉండిపోయాడు. తర్వాత చేతులు తుడుచుకుని, మూలనున్న ముక్కాలిపీట చంకన పెట్టుకుని లైదా ఇంటికి వెళ్లాడు.

"కుళాయి నువ్వు తిప్పుతానన్నావుగా. ఇది ఇక్కడుంచు."

"నాకు కుర్చీ ఉంది కదరా, ఈ పీటెందుకు? ఇంకా నాలుగు వారాలుంది కూడానూ!"

"ఇంట్లో ఉంటే మళ్లీ నేనే కూర్చుంటానేమోనని" అన్నాడు ఎవాల్డ్.