ఎవరి పేరు మీద వచ్చిండ్రు?

రాయచూరు ధాన్యం గంజ్‌లో కొత్త గిరాకీ ఊరికే రాడు, తెలిసినవాళ్ల పేరు ఒకటి పట్టుకుని వస్తాడు. "ఎవరి పేరు మీద వచ్చిండ్రు?" అని అడిగాకే కుర్చీ, చాయ్, ఆ తర్వాత బియ్యం నమూనా. ఈ మర్యాదే నా కొంప ముంచింది.

నేను ఒక బియ్యం మిల్లు వెబ్‌సైటు చూసుకుంటాను. యజమాని మా నాన్న దోస్తు, కాకా అని పిలుస్తాను. ఈమధ్య జనం నెట్‌లో వెతకడం మానేసి, మంచి సోనా మసూరి ఎక్కడ దొరుకుతుందని ఏఐ చాట్‌బాట్‌నే అడుగుతున్నారు. అది మా సైటు చదివి మిల్లు పేరు చెబుతుంది. అలా వచ్చేవాళ్లెందరో లెక్క తీయబోతే నా తల ప్రాణం తోకకొచ్చింది. చాట్‌బాట్ నుంచి వచ్చిన ఆనవాలు కొందరికే ఉంటుంది. మిగతావాళ్లు "నేరుగా వచ్చినవారు" అనే గంపలో పడిపోతారు. ఇంకొందరు సైటు తెరవనే తెరవరు, అడ్రసు అక్కడే చదువుకుని బస్సెక్కుతారు. వాళ్లను నేనెక్కడ పట్టుకోను?

కాకాకు మాత్రం తెర మీద కిందికి జారుతున్న గీత ఒక్కటే కనిపించింది.

"ఎవ్వరు చూస్తలేరు గద బిడ్డా, గీ సైటు బంద్ చేద్దాం."

మిల్లులో నాకున్న పని అదొక్కటే. "గిరాకీ అయితె వస్తుంది గద కాకా, వాళ్లనే అడుగుదాం" అని బతిమాలి, ఆఫీసులో కూర్చుని వచ్చినవాళ్లందరినీ అడిగాను. అందరూ ఒకే కమీషన్ ఏజెంటు పేరు చెప్పారు. గంజ్‌లో పాతకాపు ఆయన. నిజమేనా అని ఆయన్నే అడిగితే మీసం సవరించుకుని, "మల్ల? నేనే పంపిన" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కాకా ఆయనకు శాలువా కప్పాడు, సైటు బంద్ చేయడానికి నాకు నెలాఖరు దాకా గడువిచ్చాడు.

ఆ వారంలోనే మాన్వి నుంచి ఒక కిరాణా కొట్టాయన వచ్చి అదే పేరు చెప్పాడు.

"ఆయన పొడుగుంటడా, పొట్టిగుంటడా?" అని నిలదీశాను.

కొట్టాయన నీళ్లు నమిలాడు. "ఏం జేయాలమ్మా, ఫోన్ల అడిగితె మీ మిల్లు జెప్పింది. ఫోన్ పంపిందంటె ఎవరన్న కుర్చీ ఏస్తరా? ఎవరి పేరు మీద పోవాలె అని గూడ దాన్నే అడిగిన. గీయన పేరు జెప్పింది."

"దానికెట్ల తెలుసు?"

ఫోను నా చేతికిచ్చాడు. జవాబు కింద అది చదివిన చోటు కూడా ఉంది. మా సైటులోనే, మిల్లుకు అండగా నిలిచినవాళ్ల పేజీ. ఏజెంటును ఆకాశానికెత్తుతూ ఆ పేజీ రాసింది నేనే.

కొట్టాయన్ను వెంటబెట్టుకుని కాకా దగ్గరికి పరుగెత్తాను. కాకా మొత్తం విన్నాడు, కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు.

"సైటు ఉండనీ బిడ్డా" అన్నాడు చివరికి.

నేను ఊపిరి పీల్చుకునేలోపే మళ్లీ అన్నాడు, "ఏజెంటు పేరు మీద ఇంతమంది వస్తుండ్రు. ఇప్పుడు సైటు తీసేస్తె పాపం ఆయన ఇజ్జత్ పోతది."