అమావాస్య నాటి మగ్గం చప్పుడు

మొన్న ఒకరోజు మా మనవరాలు నైట్ డ్యూటీ నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా గడప మీద కూర్చుండిపోయింది. జడ్చర్ల దగ్గర మందుల కంపెనీలో దానికి కొలువు. రాత్రంతా మిషను ముందు నిలబడి గోలీలు సరిగ్గా పడుతున్నాయా లేదా చూడాలి. "అవ్వా, రాత్రి నిలవడ్డ జాగలనే కునుకు వట్టింది. పక్క పిల్ల గుంజకపోతే మిషన్ల చెయ్యి వోయేది" అని చెప్పి నవ్వింది. అది నవ్వింది గానీ నాకు భయమేసింది. ఈ భయం నాకు కొత్తది కాదు. అరవై ఏళ్ల కిందటిది. ఎక్కడికో పోయిందనుకున్నాను, ఇంట్లోనే ఉందన్నమాట.

దాన్ని పడుకోబెట్టి కిటికీలు మూశాను. తలుపు గంట మోగకుండా తీగ పీకించాను. కుక్కర్ పెట్టొద్దని కోడలికి చెప్పి అన్నం గిన్నెలో వండించాను. కూరగాయల బండివాడు అరుస్తూ వస్తుంటే సందు మొదట్లోనే ఎదురుపోయి పావుకిలో బెండకాయలు కొని అటు నుంచి అటే పంపించాను. "ఇవన్నీ మీకు ఎట్ల తెలుసు అత్తమ్మా?" అంది మా కోడలు. ఎట్లా తెలియవు? పగటి నిద్రకు కావలి కాసే పరీక్షలు ఉండి ఉంటే, ఈ జిల్లాలో మొదటి నంబరు నాదే.

మాది సాలెవాడ. నేను కాపురానికి వచ్చిన కాలంలో ఆ వాడలో మగ్గం లేని ఇల్లు లేదు. మాది వాడ చివరి ఇల్లు, పక్కనున్న ఇల్లు కూలిపోయి ఖాళీ జాగా మిగలడంతో మా చప్పుడు మాది, వాడ చప్పుడు వాడది అన్నట్టు ఉండేది. ఇంట్లో గుంట మగ్గం ఒకటి. మా మామ గుంతలో కాళ్లు పెట్టి నేస్తుంటే, అత్త రాట్నం మీద నూలు కండెలు చుట్టేది. మిల్లు బట్ట వచ్చి పడ్డాక ఒక్క మగ్గం మీద ఇద్దరు మగవాళ్లు బతకడం కష్టమైంది. కొందరు సాగరు డ్యాము కట్ట మీదికి రాళ్లు మోయడానికి పోయారు. మా ఆయన రైలు గేటు దగ్గర నౌకరి సంపాదించాడు. వాడలో మొదటి సర్కారు నౌకరి. మా అత్త ఆ రోజు వాడంతా బెల్లం పంచి, సాయంత్రానికి దిష్టి తగిలిందని తనే మిరపకాయలు తిప్పింది.

గేటు మా ఊరికి రెండు మైళ్లు. అక్కడ పాతవాడొకడు గుడిసె వేసుకుని కాపురమున్నాడు. వాడు పగలు తీసుకుని, కొత్తవాడైన మా ఆయనకు రాత్రి వదిలాడు. రాత్రి రెండు దాటాక ఒక గూడ్సు బండి వచ్చేది. అది రాకముందే గేటు మూసి, రైలు వైపు పచ్చ దీపం చూపించాలి. ఇంతే పని. వినడానికి ఇంతే. కానీ పల్లికాయల కాలం వచ్చిందంటే పల్లెల నుంచి మిల్లులకు రాత్రంతా ఎడ్లబండ్లు పోతుండేవి. బండివాళ్లు బస్తాల మీద పడుకుని నిద్రపోయేవాళ్లు. ఎడ్లకు దారి తెలుసు, వాటి మానాన అవి నడిచేవి. గేటు మూసి ఉంటే ఆగుతాయి, తెరిచి ఉంటే పట్టాల మీదికి పోతాయి. ఆ దారి మీద మేలుకుని ఉండాల్సిన మనిషి ఒక్క మా ఆయనే. మొదటి వారం ఈ సంగతి ఆయన చెప్పినప్పటి నుంచి నాకు రాత్రి నిద్ర లేదు. పచ్చ దీపం కనిపిస్తే డ్రైవరు ఒక్క పొడుగు కూత వేస్తాడట. కనిపించకపోతే ముక్కలు ముక్కలుగా కూస్తాడట. రోజూ ఆ ఒక్క పొడుగు కూత విన్నాకే నేను పక్కకు ఒత్తిగిలేదాన్ని.

పొద్దున వచ్చి ఇంత జొన్న గటక తాగి పడుకునేవాడు. ఇంట్లో మగ్గం ఉంటే కొడుక్కి నిద్ర ఎట్లా పడుతుందని మా మామ పగలు నేయడం మానేశాడు. పొద్దు గూకాక బుడ్డి దీపం ముందు కళ్లు చికిలించుకుంటూ నేసేవాడు. అత్త రాట్నం ఎత్తుకుని వెనక దొడ్లోకి పోయింది. పుంజును కోసుకుని తిన్నాం. కిర్రుమనే తలుపుకు ఆముదం పోశాను. గాజులు మోచేతి దాకా ఎగదోసి గుడ్డ చుట్టుకున్నాను. శవం లేచిన ఇల్లులా ఉండేది మా ఇల్లు. ఇంత చేస్తే ఆయన నిద్రపోయాడా? లేదు. నిద్ర సుఖమెరుగదని సామెత కట్టినవాడు మా ఆయనను చూడలేదు. మెత్తటి బొంత, చీకటి గది, చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం, అందులో కళ్లు మూసుకుని మేలుకుని ఉండేవాడు. మా మనసు నొచ్చుకోకుండా నిద్ర నటించేవాడు పాపం. నాకు మాత్రం తెలిసిపోయేది. నిద్రపోయేవాడికి కాలివేళ్లు కదలవు. ఆయన బొటనవేలు ఆడుతూనే ఉండేది.

గసగసాలు నూరి పాలల్లో పోశాం. తాయెత్తు కట్టించాం. అరికాళ్లకు నెయ్యి రాశాను. నెల తిరిగేసరికి కళ్లు గుంటలు పడి, అన్నం ముద్ద చేతిలో పట్టుకునే కునికేవాడు, పడుకుంటే మేలుకునేవాడు. ఒక రాత్రి గూడ్సు ముక్కలు ముక్కలుగా కూసింది. నేను లేచి కూర్చున్నాను. మళ్లీ కూసింది. ఆ తరువాత పొద్దుపొడిచే వరకు నేను చేసినదేమిటో నాకే గుర్తు లేదు, పొయ్యి ముందు కూర్చుని ఉన్నానని అత్త తరువాత చెప్పింది. పొద్దున ఆయన వచ్చి దొడ్లో గోడ పట్టుకుని కక్కుకున్నాడు. నేను నీళ్లు పట్టుకుని పోతే చెప్పాడు. "నిలవడ్డోన్ని నిలవడ్డట్టే నిద్ర వోయిన. కూతకు తెలివైంది. బండి గప్పుడే పట్టాలు దాటింది. ఎనక ఇంకో బండి ఒస్తుండె, ఎడ్లకు అడ్డం వడి గేటు మూసిన. బండాయన లేవనే లేదు. ఎవ్వలకు జెప్పకు. నౌకరి వోతది, జేల్ల ఏస్తరు." చెప్పలేదు. చెప్పకపోవడం వల్ల రోజూ భయాన్ని నేనొక్కదాన్నే వండుకుని తిన్నాను. జైలు భయం రెండోది. బస్తాల మీద నిద్రపోయే ఆ మనుషులు కళ్లు మూస్తే కనిపించేవాళ్లు.

వారం తరువాత మా మామకు ఒక పెళ్లి చీర తొందర పడింది. రెండు రాత్రులు నేసినా పని తెమలలేదు. "ఇయ్యాల ఒక్క పూట ఓర్సుకో బిడ్డా" అని లోపలి గది వైపు చెప్పి మధ్యాహ్నం మగ్గం ఎక్కాడు. తాడు గుంజితే కండె పెట్టిన నాడె ఇటు నుంచి అటు "టక్" అని ఉరికేది, ఆ వెంటనే పోగును బిగించే పలక "ధబ్" అని కొట్టేది. టక్ ధబ్, టక్ ధబ్. నేను పళ్లు బిగబట్టుకుని కూర్చున్నాను. కాసేపటికి లోపల నుంచి ఇంకో చప్పుడు కలిసింది. పోయి చూస్తే మా ఆయన నోరు తెరిచి గురక పెడుతున్నాడు. బొటనవేలు కదలడం లేదు. మామ నూలు తెగి ఆగితే ఆయన ఒత్తిగిలాడు. మామ మొదలుపెడితే గురక మొదలైంది. మా అత్త నెత్తి కొట్టుకుంది. "ఓయవ్వ, ఈని తొట్టెల మగ్గం పక్కకే గట్టిన గదా! పుట్టిన కాంచి గీ సప్పుట్లనే పండిండు. మనమే దాన్ని ఆపి ఈన్ని సంపుకతింటున్నం!" అని నవ్వింది, నవ్వుతూనే ఏడ్చింది. ప్రేమతో చేసిన తెలివితక్కువ పనికి మందు లేదు, మానుకోవడం తప్ప. ఆ రోజు నుంచి ఇంట్లో మగ్గం ఆడింది, ఆయన నిద్రపోయాడు, నేనూ మనిషినయ్యాను.

పన్నెండు రోజులు. పదమూడో రోజు అమావాస్య.

అమావాస్య నాడు సాలెవాళ్లు మగ్గం ఎక్కరు. ఎప్పటి నుంచో తెలియదు, ఎందుకో తెలియదు, ఎక్కరంతే. ఆ రోజు వాడంతా మూగబోతుంది. పొద్దున ఎనిమిదింటికి పడుకున్న మా ఆయన పది దాకా అటూ ఇటూ దొర్లుతూనే ఉన్నాడు. "నిద్రొస్తలేదా?" అంటే, "ఒస్తది తియ్యి" అన్నాడు. బొటనవేలు ఆడుతోంది. పల్లికాయల బండ్లు ముమ్మరంగా ఉన్న రోజులు. పైగా రాత్రికి వెన్నెల కూడా ఉండదు. చేతిలో దీపం తప్ప వేరే వెలుతురు లేని చోట, కంటి మీద కునుకు లేని మనిషి. ఎండ వాకిట్లోకి వస్తోంది. పొద్దు ఎక్కుతున్న కొద్దీ నాకు చెమటలు పోశాయి. ఆ పొద్దు అక్కడే ఆగిపోతే బాగుండునని అనుకున్నాను.

అప్పుడు నేను పోయి మగ్గం గుంతలో కాళ్లు పెట్టాను. "అయ్యో పొల్లా! అమాస నాడు మగ్గమెక్కుతవా? ఇల్లు మునుగుతది, దిగు!" అని అత్త నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాడెలోంచి కండె తీసి ఆమె చేతిలో పెట్టాను. నేసిన బట్ట అంచు దగ్గర ఒక ఎర్ర దారం గుర్తు కట్టాను. ఉత్త నాడె విసిరాను. టక్ ధబ్, టక్ ధబ్. అడ్డం పోగు లేదు కాబట్టి బట్ట పెరగదు. చప్పుడు మాత్రం చప్పుడే. మామ అరుగు మీద నుంచి లోపలికి తొంగిచూశాడు, మళ్లీ పోయి కూర్చున్నాడు. కాసేపటికి లోపల గురక మొదలైంది. అత్త చేతిలో కండె పట్టుకుని అట్లాగే నిలబడింది.

ఆ చప్పుడు కులపెద్ద చెవిన పడకుండా ఉంటుందా? వాడకంతటికీ ఆ ఒక్క మగ్గమే ఆడుతుంటే! కర్ర పట్టుకుని వచ్చాడు. వరసకు మా మామకు బావ. "ఏంది బావా, నీ కోడలు వాడకు అరిష్టం దెస్తుంటె అరుగు మీద గూసున్నవ్? తప్పు పైసలు గట్టాలె" అన్నాడు. మామ తల దించుకున్నాడు. ఎందుకంత పట్టుపట్టానో ఆయనకూ తెలియదు కదా. నేను నాడె ఆపితే లోపలి మనిషి లేస్తాడు, అందుకని చేతులు ఆపకుండానే, కులపెద్ద వైపు చూడకుండానే, ఎవరికీ చెప్పొద్దని మా ఆయన అన్న మాట చెప్పేశాను. "పెదనాయినా, ఇరవై దినాల కింద ఈయన గేటు కాడ నిద్ర వోయిండు. రెండు బండ్లు రైలు కింద వడాల్సింది తప్పింది. ఇంట్ల సప్పుడు లేకుంటె ఈయనకు నిద్ర రాదు. ఇయ్యాల పండకపోతె రాత్రి ఏమైతదో నాకు తెల్వది. తప్పు గడత, దిగ మాత్రం దిగ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. అత్త చేతిలోంచి కండె కింద పడింది.

కులపెద్ద కర్ర కిందికి దించాడు. తరువాత అన్నాడు, "రాత్రి నా కొడుకు బట్టల మూటలేస్కొని జడ్చర్ల సంతకు వోతున్నడు. గా గేటు దాటే." దగ్గరికి వచ్చి వంగి బట్ట మీద ఎర్ర దారం పట్టి చూశాడు. పొద్దున కట్టిన చోటే ఉంది. "ఒక్క పోగన్న వెరగలే. వెరగంది నేతెట్లయితది?" అన్నాడు, తనకు తానే తీర్పు చెప్పుకున్నట్టు. బయటికి అడుగేస్తూ, "జర మెల్లగ గొట్టు బిడ్డా, పలక ఇరుగుతది" అన్నాడు. ఇంటికి మాత్రం పోలేదు. మా మామ పక్కనే అరుగు మీద కూర్చున్నాడు. ఇంకెవరైనా అడగడానికి వస్తే కర్ర చూపించి వెనక్కి పంపాడు. నా రెక్కలు పడిపోతే మా అత్త దేవుడికి దండం పెట్టుకుని తనే గుంతలోకి దిగింది. ఇద్దరం వంతులు వేసుకుని పొద్దు గూకే దాకా గాలిని నేశాం.

ఆ రాత్రి ఇంట్లో ఎవరూ పడుకోలేదు. కులపెద్ద వచ్చి మా వాకిట్లోనే గొంగడి కప్పుకుని కూర్చున్నాడు. రెండు దాటింది. దూరాన గూడ్సు చప్పుడు మొదలైంది. అత్త నా చెయ్యి పట్టుకుంది, గాజులు విరిగేంత గట్టిగా. కూత వేసింది. ఒక్కటే. పొడుగ్గా. ఆ ముసలాయన లేచి గొంగడి దులుపుకుని ఇంటికి పోయాడు. గేటు దగ్గర మా ఆయన నిద్రపోయిన సంగతి కులపెద్ద తను చచ్చేదాకా ఎవరితోనూ అనలేదు. మరుసటి అమావాస్య నాడు మాత్రం పొద్దున్నే వాకిట్లోంచి కేక వేశాడు, "ఏందే బిడ్డా, ఇంకా సప్పుడు లేదు?" అని.

మా ఆయన ఇరవై ఏళ్లకు పైగా ఆ నౌకరి చేశాడు. ఆయన గేటు దగ్గర ఒక్క ఎద్దుకు కూడా దెబ్బ తగలలేదు. ఇప్పుడు ఆయన లేడు, ఆ వాడలో మగ్గాలూ లేవు. అమావాస్యకూ పున్నమికీ ఒకటే నిశ్శబ్దం.

మొన్న మధ్యాహ్నం ఒంటిగంటకు మనవరాలి గదిలోకి తొంగిచూశాను. కళ్లు మూసుకునే ఉంది. దుప్పటి కొసన బొటనవేలు ఆడుతోంది. అచ్చం తాత వేలే. పోయి పక్కన కూర్చున్నాను. "బిడ్డా, నిజం జెప్పు. సిన్నప్పుడు ఏం సప్పుడింటే నీకు నిద్రొస్తుండె?" అని అడిగాను. కళ్లు తెరవకుండానే అంది, "నువ్వు బియ్యం చెరిగే సప్పుడు. మోకాళ్ల కాడ పండుకుంటుంటి." పోయి అటక మీది నుంచి చాట దించాను. సంచిలోని బియ్యం పోశాను. ఈ కాలపు బియ్యంలో రాయి లేదు, నూక లేదు, చెరగడానికి ఏమీ లేదు. అయినా దాని తలుపు దగ్గర కూర్చుని ఊరికే చెరిగాను. భుజం నొప్పి పుట్టేదాకా చెరిగి లోపలికి చూస్తే దాని వేలు ఆగింది. రాత్రి ఎనిమిదింటికి కంపెనీ బస్సు వస్తుంది. కిటికీ సందులోంచి ఎండ గోడ మీదికి పాకుతోంది. అది అక్కడే ఆగితే బాగుండునని మళ్లీ అనుకున్నాను. పొద్దు అప్పుడూ నా మాట వినలేదు. ఇప్పుడూ వినదని తెలిసి, చాట ఆపకుండా చెరుగుతూ కూర్చున్నాను.