నేను చెప్పిన మొదటి సాక్ష్యం

నా చిన్నప్పుడు మా తెలుగు చర్చికి సొంత మందిరం లేదు. మేం వలస వెళ్లిన దేశంలో, నగరం ఒక కొసన ఉన్న పాపకూరలో, అక్కడివాళ్లయిన కివీల చర్చి వాళ్లు ఉదయం ఆరాధన ముగించుకుని వెళ్లాక, మధ్యాహ్నం రెండింటికి ఆ హాలు మాకు ఇచ్చేవారు. వాళ్లు బూట్లతో తిరిగిన తివాచీ మీదే మేం గుమ్మం బయట చెప్పులు విప్పి నడిచేవాళ్లం. చలికాలంలో సాక్సుల్లోంచి కూడా తేమ తగిలేది. హాలు వెనక చిన్న గదిలో మా సండే స్కూలు నడిచేది. మాకు పాఠం చెప్పే ఆవిడని అందరం ఆంటీ అనే పిలిచేవాళ్లం. ఆవిడ వారమంతా ఆల్బనీలో ఆఫీసు పని చేసి, ఆదివారం నగరాన్ని ఈ కొస నుంచి ఆ కొస దాకా దాటుకుని మా కోసం వచ్చేది.

ఆంటీ చాలా మంచిది గానీ, ఆవిడకు చార్టుల పిచ్చి. మాకు తెలుగు అర్థమయ్యేది కానీ నోరు తిరిగేది కాదు. బైబిలు కంఠత వాక్యాలు చిలకల్లా ఒప్పజెప్పి మర్చిపోయేవాళ్లం. అలా కాదు, భక్తి మా సొంతం కావాలని ఆవిడ ఆరాటం. దేవుడు ఆ వారం తమకు చేసిన మేలును నలుగురి ముందూ నిలబడి చెప్పడాన్ని మా చర్చిలో సాక్ష్యం అంటారు. పిల్లలు కూడా సాక్ష్యాలు చెప్పాలని ఆంటీ నియమం పెట్టింది. ఒక్కో సాక్ష్యానికి గోడ మీది చార్టులో పేరు పక్కన ఒక బంగారు నక్షత్రం అంటించేది. మా పెద్దవాళ్ల సాక్ష్యాల్లో సగం వీసాలవే కాబట్టి పిల్లలూ అవే ఎత్తుకునేవారు. ఒకడి బాబాయికి వీసా వచ్చింది, ఇంకొకతెకు పోయిన పెన్సిలు బాక్సు దొరికింది. అందరి వరసలూ మెరిసిపోతుంటే నా వరస మాత్రం ఖాళీ. నాకు ఏ వారమూ ఏమీ జరిగేది కాదు.

నాకు ఉన్నదల్లా ఆయాసం. ఆ దేశపు చలికి, తేమకు అది ఇంకా ముదిరింది. రోజూ బడికి పంపే ముందు మా అమ్మ నా గుండె మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేది. అది అయ్యాక నా బ్యాగులో నీలం రంగు ఇన్‌హేలర్ ఉందో లేదో చూసుకునేది. నాకు అప్పుడు తొమ్మిదేళ్లు.

ఒక ఆదివారం చెయ్యెత్తి, యేసయ్య నా ఆయాసం పూర్తిగా తీసేశాడని, వారం నుంచి ఇన్‌హేలర్ ముట్టుకోలేదని చెప్పేశాను. నాకు కావలసింది ఒక్క నక్షత్రం. కానీ ఆంటీ కళ్లు చెమర్చాయి. నా చెయ్యి పట్టుకుని హాల్లోకి తీసుకెళ్లి పెద్దవాళ్ల ముందు మళ్లీ చెప్పించింది. అందరూ స్తోత్రం అన్నారు. మా అమ్మ కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపు చూశాక వెనక్కి తీసుకునే దారి నాకు కనపడలేదు.

ఆ సాయంత్రమే అమ్మ గుంటూరుకు ఫోన్ చేసి అమ్మమ్మకు చెప్పింది. మర్నాడు నా బ్యాగులోంచి ఇన్‌హేలర్ తీసి వంటింటి పై అరలో పెట్టేసింది. సొరుగు అడుగున అయిపోవచ్చిన పాతదొకటి ఉంటే, దాన్ని సాక్సులో దాచుకుని బడి బాత్రూంలో పీల్చుకునేదాన్ని. అమ్మ నా వైపు చూసి నవ్వినప్పుడల్లా నాకు అన్నం సయించేది కాదు.

మూడో ఆదివారానికి ఆ పాతది కూడా అయిపోయింది. పొద్దుట్నుంచీ వాన. ఛాతీ పట్టేసినట్టుంది. ఊపిరి చప్పుడు వినపడకుండా కారు కిటికీ కాస్త దించి, వెనక సీట్లో ఒదిగి కూర్చున్నాను. హాలు గుమ్మం దగ్గర, కొత్తగా వచ్చిన ఒకావిడ నాలుగేళ్ల కూతుర్ని ఎత్తుకుని మా కోసమే నిలబడి ఉంది.

"మీ అమ్మాయి సాక్ష్యం విన్నాక మాక్కూడా ధైర్యం వచ్చిందక్కా," అంది మా అమ్మతో. "మా పాపకి ఇవాళ్టి నుంచి ఇన్‌హేలర్ పంపు మానేద్దామనుకుంటున్నాం. మీ అమ్మాయి చెయ్యి పెట్టి ప్రేయర్ చేస్తే చాలు."

అమ్మ నా తల నిమిరింది. ఆ పిల్ల వాళ్లమ్మ భుజం మీద వాలి ఉంది. దాని ఛాతీలోంచి పిల్లికూతలు సన్నగా వినపడుతున్నాయి. నా ఛాతీలోనూ అవే. నేను చెప్పిన ముక్క నా ఒక్కదానితో పోదని అప్పుడు తెలిసింది. చెప్పేద్దామని నోరు తెరిచాను గానీ, అమ్మ ముఖం చూసి మళ్లీ మూసుకున్నాను.

సండే స్కూలు గదిలో పాట మొదలైంది. పాడే ఊపిరి లేదు నాకు. భుజాలు ఎగరేస్తూ గాలి లాగుతున్నాను. మందు మానబోతున్న ఆ పాపకు ప్రార్థన చేయడానికి నన్ను తీసుకురమ్మని హాల్లోంచి పాస్టరు గారు కబురు పెట్టారు. ఆంటీ నా పక్కకు వచ్చి వంగి ఒక్క క్షణం విన్నది. రెండు నిమిషాల్లో వస్తామని కబురు తెచ్చినతనికి చెప్పి, నన్ను పక్కనున్న వంటగదిలోకి తీసుకెళ్లి తలుపు వేసింది.

తన హ్యాండ్‌బ్యాగులోంచి నీలం ఇన్‌హేలర్ తీసింది. టీ తాగే కాగితపు కప్పు అడుగున కన్నం చేసి అందులో దాన్ని దూర్చి, కప్పు నా నోటి దగ్గర పెట్టింది. నేను తల అడ్డంగా ఊపాను. అది పీలిస్తే అంతా బయటపడుతుంది. ఊపిరి ఆగిపోతున్నా నా భయం ఆ ఒక్కటే. 

"ఇది నాదే తల్లీ," అంది ఆంటీ. "నీ వయసు నుంచీ వాడుతున్నా. ఇక్కడెవ్వరికీ తెలీదు. ముందు పీల్చు. మాటలు తర్వాత."

పీల్చాను. మళ్లీ పీల్చాను. ఆవిడ గడియారం చూసుకుంటూ, నా వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. చాలాసేపటికి ఛాతీ కాస్త వదులైంది. అప్పుడు ఎందుకిలా చేశావని మెల్లగా అడిగింది. నా వరసలో ఒక్క స్టార్ కూడా లేదని చెప్పాను. ఆంటీ అక్కడున్న స్టూలు మీద కూర్చుండిపోయింది.

"తప్పు నాది," అంది. "కానీ ఆ పాప సంగతి ఇప్పుడే చెప్పాలి. నాది నేను చెప్తా. నీది నువ్వే చెప్పాలి. పక్కనే ఉంటా."

మైకు ముందు ఇన్‌హేలర్ చేత్తో పట్టుకుని ఆంటీ సాక్ష్యం చెప్పింది. చిన్నప్పట్నుంచీ ప్రార్థిస్తున్నానని, తగ్గలేదని, మందు వాడుతున్నానని చెబితే విశ్వాసం లేదంటారని ఇన్నాళ్లూ దాచానని చెప్పింది. నక్షత్రాలు ఎరవేసి పిల్లల చేత లేనివి పలికించానని ఒప్పుకుంది. పాప మందు ఆపొద్దని ఆ తల్లికి నమస్కారం పెట్టి అడిగింది. ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరు గారు నేల చూస్తున్నారు. ఆంటీ మైకు నాకు అందేలా దించింది. నేను అబద్ధం చెప్పానని, నా ఆయాసం తగ్గలేదని అమ్మ ఒక్కదాన్నే చూస్తూ చెప్పాను.

అమ్మ లేచి నా వైపు నడిచి వచ్చింది. చెంప పగులుతుందనుకున్నాను. ఆవిడ నా గుండె మీద చెయ్యి వేసి, కళ్లు మూసుకుని వింది. వెనక వరసలో ఆ పాప వాళ్లమ్మ బ్యాగులో వెతికి, ఇన్‌హేలర్ తీసి అక్కడే పిల్ల నోట్లో పెట్టింది. అది చూశాక నాకు ఏడుపు వచ్చింది.

 ఇంటి ముందు కారు ఆపాక, అమ్మ నా వైపు తిరక్కుండానే, "తగ్గకపోయినా పర్లేదే. నువ్వుంటే చాలు నాకు. దేవుణ్ణి రోజూ అదే అడుగుతున్నా," అంది.

ఆంటీ మా విశ్వాసాన్ని పాడుచేసిందని రెండు కుటుంబాలు చర్చి మానేశాయి. ఆవిడ మాత్రం మరుసటి ఆదివారం కూడా ఆల్బనీ నుంచి వచ్చింది. చార్టు గోడ మీద లేదు. మీరు అడిగినా దేవుడు ఇవ్వనిది ఏమిటో చెప్పండి అని అడిగింది.  ఒకతె వాళ్ల నాన్న ఇంకా ఇండియాలోనే ఉన్నాడని చెప్పింది. అప్పుడిక ఎవరమూ ఆగలేదు. ఆ రోజు మేం చేసిన ప్రార్థనలో మా మాటలే ఉన్నాయి. దేవుడు వింటున్నాడని నాకు మొదటిసారి అనిపించింది.

ఇప్పుడు నా తల సగం నెరిసింది. అదే పాపకూరలో నేను సండే స్కూలు చెబుతున్నాను. ఆయాసం ఇంకా ఉంది. మొన్న ఆదివారం ఏడేళ్ల పిల్ల ఒకతె నా దగ్గరకు వచ్చి, "ఆంటీ, నేను రోజూ ప్రే చేశాను. బట్ తాతయ్య చనిపోయారు. వై?" అంది. గది నిండా పిల్లలు నా జవాబు కోసం చూస్తున్నారు. పిల్లల్ని ఊరుకోబెట్టే మాటలు నాకు చాలా వచ్చు. అవేవీ చెప్పలేదు. నాకు తెలీదమ్మా అన్నాను. దాని పక్కన నేల మీద కూర్చుని, అది ఏడ్చినంతసేపూ లేవలేదు.