నా ఆటకి గొంతు వెతుక్కుంటూ మైకు ఆటోలో తీరం దాకా

ఎనిమిది నెలలు కూర్చుని నేనొక్కదాన్నే ఒక మొబైల్ గేమ్ తయారుచేశాను. పేరు ‘కెరటం దాటు’. ఒడ్డు నుంచి బయల్దేరిన తెప్పని మూడు కెరటాలు దాటించి లోతు నీళ్ళలోకి చేర్చాలి. వేలు నొక్కితే తెప్ప ముందుకి పోతుంది, వదిలితే ఆగుతుంది, అంతే. ఆటని తయారుచేయడం ఒక ఎత్తు, నలుగురి కంట్లో పడేలా చేయడం ఇంకో ఎత్తు అని యాప్ స్టోర్‌లో పెట్టాకగానీ తెలిసిరాలేదు. మొదటి వారం చుట్టాలందరూ డౌన్‌లోడ్ చేసుకున్నారు. రెండో వారం ఆ చుట్టాల్లో సగం మంది తీసేశారు. ఆటల మీద వీడియోలు చేసే పాతికమందికి మెయిల్స్ రాస్తే ఒకాయన జవాబిచ్చాడు, అదీ నన్ను ఇంకెవరో అనుకుని. సిగ్గు చంపుకుని రీల్స్ కూడా చేశాను. వాటి కింద మా పిన్ని ‘చిక్కిపోయావే’ అని కామెంటు పెట్టింది, ఆట గురించి ఒక్క ముక్క లేదు.

ఇలా ఉండగా ఒక మధ్యాహ్నం, విజయనగరంలో మా మేడగదిలో చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని పనిచేసుకుంటుంటే, వీధిలో మైకు ఆటో వెళ్ళింది. రేపు కుళాయి నీళ్ళు రావని చెప్పింది. నేను లేచి, కిందికి దిగి, ఉన్న బిందెలన్నీ నింపేశాకగానీ నాకు వెలగలేదు: ఇన్ని నెలల్లో నన్ను కుర్చీలోంచి లేపగలిగిన ప్రచారం ఇదొక్కటే. మర్నాడు ఆ ఆటో ఆయన్ని పట్టుకుని సంగతి చెబితే, “నాకన్నా గొప్పోడు శ్రీకాకుళంలో ఉన్నాడమ్మా, అసిరయ్య. అతగాడు మైకట్టుకుంటే సంకలో పిల్లడు కూడా ఏడుపాపేస్తాడు” అని నంబరిచ్చాడు. తన బేరం వదులుకుని మరీ ఇంకొకరిని మెచ్చుకునేవాడు దొరకడం నాకు శుభశకునంలా అనిపించింది. ఈ ప్రయత్నం కూడా తుస్సుమంటే ఆటని మూలన పడేసి మళ్ళీ ఉద్యోగం వెతుక్కుందామని గట్టిగా అనుకుని బయల్దేరాను.

ఆదివారమైతే తీరం ఊళ్ళల్లో చాలామంది చర్చికి వెళ్ళిపోతారని అసిరయ్యే ఫోన్లో శనివారం రమ్మన్నారు. విజయనగరం కాంప్లెక్స్‌లో ఐదున్నరకి శ్రీకాకుళం ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్ళకి ఉచితమే కాబట్టి ఆధార్ చూపిస్తే చాలు. మగవాళ్ళైతే వందకి కాస్త అటూ ఇటూగా సిద్ధం చేసుకోండి. ఏడుంపావుకల్లా దిగి, బస్టాండు ఎదురుగా నాలుగు ఇడ్లీ, అల్లం టీ కానిచ్చి, ఏడు రోడ్ల కూడలికి నడిచాను. అప్పటికే ఆయన ఆటో తుడుచుకుంటున్నారు. అరవైకి దగ్గరపడిన మనిషి, ముప్ఫై ఏళ్ళుగా ఇదే పని, సన్నగా ఉన్నారు, మెడలో తువ్వాలు, పక్కన ఫ్లాస్కులో వాము నీళ్ళు. ఆటో నెత్తిన రెండు లౌడ్‌స్పీకర్లు. ఆటో, డీజిలు, గొంతు అన్నీ కలిపి రోజుకి రెండున్నర వేలు. మీరు వెళ్ళినా బేరమాడకండి, ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

నేను రాసుకెళ్ళిన కాగితం ఆయన చేతిలో పెట్టాను. ‘ప్రపంచస్థాయి దృశ్యాలతో, అనేక స్థాయిలలో, మీ మేధస్సుకి పరీక్ష’ అని మొదలవుతుంది అది. రెండు రాత్రులు చెక్కిన వాక్యాలు. ఆయన మొదటి వరుస చదివి కళ్ళద్దాలు తీసేశారు.

“ఇదేటి తల్లీ, పరీచ్చంటే జనం పారిపోతారు. ఇందులో ఏటి సెయ్యాలి, ఒక్క ముక్కలో సెప్పు.”

“తెప్పని కెరటాలు దాటించాలి బాబాయ్.”

“అదీ! అలాగ సెప్పు మరి.”

ఆట ఒకసారి ఆడి చూడమని ఫోన్ ఇవ్వబోయాను. ఆటే కదా, దారిలో చూద్దామని ఆయన బండి స్టార్ట్ చేసేశారు. నేను అచ్చువేయించుకొచ్చిన రెండు వందల కాగితాల్లో కొన్ని ఆటో మూడు వైపులా అంటించాం. వాటి మీద తెప్ప బొమ్మ, కింద పెద్ద క్యూఆర్ కోడ్. దాన్ని స్కాన్ చేస్తే ఫోన్ నేరుగా ఆట దగ్గరికి తీసుకెళ్తుందన్నమాట.

గార మీదుగా కళింగపట్నం రోడ్డు పాతిక ముప్ఫై కిలోమీటర్లు. మామూలుగా గంట లోపే. మాకు రెండు గంటలు పట్టింది, కానీ ఆ రెండు గంటలూ నాకొక పాఠశాల. మైకు అంటే అరవడమని నేననుకున్నాను. ఆయన అరవరు. ఊరు మొదట్లో ఆటో ఆపి, ఒక్క నిమిషం వీధి వంక చూసి, అప్పుడు మైకందుకుంటారు. “ఓ సూరమ్మప్పా, పొయ్యి మీద పాలెట్టీసి వచ్చినట్టున్నావు, దింపీసి రా, నాను ఆగుతాను” అన్నారొకచోట. వీధంతా నవ్వుతూ గుమ్మాల్లోకి వచ్చింది, సూరమ్మతో సహా. బడి దగ్గర మైకు కట్టేస్తారు. ఆసుపత్రి దగ్గర సగానికి తగ్గిస్తారు. ఒక వీధిలో పందిరి కింద శవాన్ని చూసి, బండి ఇంజను కూడా ఆపేసి, దిగి, ఆ ఇల్లు దాటేదాకా నెట్టుకుంటూ వెళ్ళారు. నేనూ వెనక నుంచి నెట్టాను. ఆటని జనం మీదకి ఎలా విసరాలా అని నెలల తరబడి బుర్ర బద్దలుకొట్టుకున్నదాన్ని, ఈ మనిషి మర్యాదగా ముందు తలుపు తట్టడం చూసి నోరెళ్ళబెట్టాను.

తొమ్మిదిన్నరకి కళింగపట్నం దాటాక ఒక చేపల ఊరు చేరాం. ఊరి పేరు రాయను. తెప్పలు ఒడ్డుకొచ్చి గంటవుతోంది. ఇసకలో నెత్తళ్ళ చేపలు ఆరబోస్తున్నారు, ఆడవాళ్ళు గంపలు సర్దుకుంటున్నారు. అసిరయ్య మైకందుకోగానే, “మావొచ్చినాడు” అంటూ చుట్టూ మూగారు. కాగితం మీద గుర్తుని ఫోన్లో చూసుకోమని ఆయన మైకులో చెప్పారు. నేను ఉత్సాహంగా కాగితాలు పంచాను. వాళ్ళు ఉత్సాహంగా ఫోన్లు తీశారు. తీసి, అందరూ డబ్బులు పంపే యాప్ తెరిచారు.

“ఎంత కొట్టాలి?” అని అడిగిందొకావిడ.

“డబ్బులేం అక్కర్లేదండీ” అన్నాను నవ్వుతూ.

“డబ్బులక్కర్నేకపోతే మరి కోడెందుకెట్టినావు?”

నా నవ్వు అక్కడితో సరి. నిజమే, టీ కొట్టు నుంచి చేపల గంప దాకా వాళ్ళు చూసిన ప్రతి కోడూ డబ్బులు కొట్టేదే. ఇంకోదానికి పనికొస్తుందని వాళ్ళకెవరు చెప్పారు? ఇంతలో పోలమ్మ అనే చేపలావిడ ఫోన్లో ఎర్రటి గుర్తొకటి వచ్చి, తెర బిగుసుకుపోయింది. “ఓలమ్మో, నా డబ్బులు పోనాయి!” అని ఆమె వేసిన కేకకి లౌడ్‌స్పీకర్ అక్కర్లేకపోయింది. నేను కంగారుగా, “టెక్నికల్‌గా అలా జరగదండీ” అని మొదలుపెట్టాను.

“పోయిన నెల పక్కూరొచ్చి డబ్బులు లాక్కెల్లిపోయినోడూ ఇలాగే ఇంగిలీసులో సెప్పినాడట” అంది పోలమ్మ. “మావ సెప్పినాడు కదా అని సూసీసాను, నాకేటి తెలుసు?”

అందరూ నన్ను వదిలేసి అసిరయ్య వైపు తిరిగారు. ఆయన ముఖం పాలిపోయింది. నన్ను పక్కకి పిలిచి, “నిజం సెప్పు తల్లీ. ఈ గళ్ళ బొమ్మలో డబ్బులు లాగీది ఏటైనా ఉన్నాదా?” అని అడిగారు. లేదు బాబాయ్, నేనే స్వయంగా తయారుచేశాను అన్నాను. ఒక్క క్షణం నా కళ్ళలోకి చూసి మైకందుకున్నారు.

“నానే, అసిరయ్యని. ఇనండి. ఈ కాయితం మీద గుర్తేటో నాను సూడకుండానే మీకు సెప్పీసాను. తప్పు నాది, ఈ గుంటది కాదు. పోలమ్మ డబ్బులు ఉన్నాయో నేవో తేలీదాకా నా ఆటో ఇక్కడి నుంచి కదలదు.”

తర్వాత తన చేత్తోనే ఆటో మీద కాగితాలు ఒక్కొక్కటీ పీకేశారు. అబద్ధమెందుకు, నాకు లోపల భగ్గుమంది. పంచడానికి తెచ్చినవన్నీ చిత్తుకాగితాలవుతున్నాయి, రోజు పోయింది, ఆట పోయింది. పోలమ్మ కోడలు బ్యాంకు ఖాతా చూడటానికి ఇంటి నుంచి, అత్త ఖాతా కూడా ఉన్న తన ఫోన్ తీసుకొచ్చేదాకా ఇద్దరం ఆటో నీడలో కూర్చున్నాం. నా మూతిముడుపు చూసి ఆయనే చెప్పారు.

“తుపానొస్తే అదికారులు నా ఆటోనే పంపుతారు తల్లీ. గాలీ వానల్లో ‘ఇళ్ళొదిలీసి వెనక్కొచ్చీయండి’ అని నాను సెప్తే ఈళ్ళు వస్తారు. అదికారి మొకం ఈళ్ళకి తెల్దు, నా గొంతు తెలుసు. ఇయ్యాల నా గొంతు అబద్దమాడిందని ఒక్కరనుకున్నా సాలు, ఆ రోజొచ్చినప్పుడు ఒక ఇల్లు కదలదు. నాకు అదే బయ్యం.”

నేను రోజు అద్దెకి తీసుకున్న వస్తువేమిటో అప్పుడర్థమైంది, సిగ్గుతో తలవంచుకున్నాను. పావుగంటకి కోడలొచ్చింది. ఖాతా తెరిచి చూపించింది. అసిరయ్య మైకులో, “పోలమ్మ డబ్బులు పోనేదు! ఉన్నాయి! ఎంతున్నాయంటే...” అనగానే, “ఒరే మావా, అది సెప్పకు!” అని పోలమ్మ పరిగెత్తుకొచ్చింది. ఊరంతా నవ్వింది. ఆ నవ్వుతో ఆయన భుజాలు కిందికి దిగడం నేను చూశాను.

అక్కడితో వెళ్ళిపోతామనుకున్నాను. ఆయన మాత్రం ఆటో మెట్టు మీద కూర్చుని, “ఏదీ, ఇప్పుడు సూపించు నీ ఆట. పొద్దున్నే సెయ్యాల్సిన పని” అన్నారు. ఒక చేతిలో ఫోను, ఒక చేతిలో మైకు. ఆడుతూ ఆడుతూ తన ఆట గురించి తనే చెప్పడం మొదలెట్టారు. “అసిరయ్య తెప్పెక్కినాడు. మొదటి కెరటం దాటీసినాడు. రెండోది వస్తన్నాది, వస్తన్నాది... ఓర్నాయనో, పోనాను!” మళ్ళీ ఎక్కారు. “మల్లీ పోనాను!” జనం గంపలు వదిలేసి దగ్గరికొచ్చారు. నాలుగోసారి మునిగేసరికి పోలమ్మకి ఒళ్ళు మండిపోయింది. చేతికంటిన పొలుసులు కొంగుకి తుడుచుకుని, “ఆగకుండా తోసీస్తే మునగవా మరి? ఇటియ్యి” అని ఫోను లాగేసుకుంది.

“పోలమ్మ తెప్పెక్కినాది. ఆగినాది. ఇంకా ఆగినాది. ఏటే, తొంగున్నావేటి? ఎల్లినాది... రెండు దాటీసినాది... మూడోది, అమ్మో, ఏనుగంతున్నాది... దాటీసినాదిరోయ్!”

ఈలలు మోగిపోయాయి. పోలమ్మ ఫోను నెత్తిమీదకెత్తి పట్టుకుంది. ఎనిమిది నెలల్లో నా ఆట ఆడుతూ ఒక మనిషి నవ్వడం నేను కళ్ళారా చూడటం అదే మొదటిసారి. అక్కడే ఇసకలో నిలబడి ఏడ్చేశాను, ఎవరూ పట్టించుకోలేదు, అందరికీ తమ వంతు ఎప్పుడొస్తుందన్నదే గొడవ. ఆట పేరు చెప్పమంటే అసిరయ్య మైకులో రెండుసార్లు చెప్పి, “కోడు జోలికెల్లకండి. పేరు గుర్తెట్టుకోండి, ఇంటికెల్లి తెలిసినోల్ని అడిగి, నమ్మకం కుదిరితేనే ఎక్కించుకోండి” అని చేర్చారు. అమ్ముకోవడానికొచ్చిన నా పక్కన నిలబడి!

పక్క ఊళ్ళకి పోదామా అని ఆశగా అడిగాను. ఒప్పుకోలేదు. “ముందీ ఊరు వారం రోజులు ఆడనీ. ఏటీ అవ్వలేదని ఆళ్ళే సెప్తారు, అప్పుడు నాను సెప్తాను” అన్నారు. అద్దె సగమే తీసుకున్నారు. పోలమ్మ ఇంట్లో వంజరం పులుసుతో అన్నం పెట్టింది, తోమిన ఇత్తడి పళ్ళెంలో. “నీ రెండో కెరటం బేగి పడిపోతన్నాది, అసలు కెరటం అలాగ పడదు” అని తినే ముద్ద ముద్దకీ నా ఆటలో తప్పులు చెప్పింది. అన్నీ రాసుకున్నాను. మూడింటికి బయల్దేరి, శ్రీకాకుళంలో బస్సు పట్టుకుని, దీపాలు పెట్టే వేళకి విజయనగరంలో ఉన్నాను.

రెండో కెరటం సరిచేసి మళ్ళీ పెట్టాను. వారం తిరిగేసరికి శ్రీకాకుళం వైపు నుంచి ఆడేవాళ్ళు ఒకరొకరుగా రావడం మొదలైంది. వేలూ లక్షలూ కాదు, కానీ చుట్టాలు కారు, తీసేయనూ లేదు. ఉద్యోగం వెతుక్కోవడం కొన్నాళ్ళు వాయిదా వేశాను. ఒకరైతే ‘ఇందులో మావ గొంతు పెట్టండి’ అని తెలుగులో అభిప్రాయం రాశారు. అది అడగడానికే ఈ మధ్య ఒక సాయంత్రం ఫోన్ చేస్తే, ఆయన గొంతు పూర్తిగా బొంగురుపోయి ఉంది. వాయుగుండం అన్నారని రెండు రోజులుగా తీరమంతా తిరుగుతున్నారట.

“జనం కదిలారా బాబాయ్?” అన్నాను. ఆ ఊరు కదిలిందా అని అడగడానికి ధైర్యం చాలలేదు.

“కదిలినారు తల్లీ. ఆ ఊరు కూడా. అందరికన్నా ముందు కదిలినాది.”

తర్వాత మెల్లిగా నా కోరిక చెప్పాను: తెప్ప మునిగినప్పుడు ‘పోనాను’ అని, పెద్ద కెరటం వస్తుంటే ‘వెనక్కొచ్చీయండి’ అని ఆయన గొంతు ఆటలో వినిపించాలని.

“పోనాను అన్నది ఎట్టుకో, నవ్వుకుంటారు” అన్నారు. “వెనక్కొచ్చీయండి అన్నది మాత్రం ఆటలో వద్దు తల్లీ. ఆ మాట నాను నిజంగా అనాలి.”

నలుగురి చెవిన పడటమే గెలుపు అనుకుని బయల్దేరినదాన్ని నేను. మన మాట విని ఒక ఊరు ఇల్లు వదిలి వస్తుందంటే, దాని వెనక ఒక మనిషి ముప్ఫై ఏళ్ళ జాగ్రత్త ఉంటుందని ఆ తీరంలో తెలుసుకున్నాను. అసిరయ్య గారి మీద నాకున్న గౌరవం ఎంతని చెప్పలేను, ఇలా రాసుకోవడం తప్ప. మీలో ఎవరైనా సొంత ఆటతో ఇదే దారిన వెళ్తే, శనివారం తొమ్మిది గంటలకల్లా, తెప్పలు ఒడ్డుకొచ్చాక వెళ్ళండి, కాగితం మీద కోడ్ వేయకండి, పేరు పెద్ద అక్షరాల్లో రాయండి. అన్నిటికన్నా ముందు, ఎవరి గొంతైనా అద్దెకి తీసుకునేటప్పుడు, ఆ గొంతుతో ఆ ఊరికి ఇంకేం అవసరముందో అడిగి తెలుసుకోండి.